ఒకే రేవు, మూడు పొద్దులు

“గోదారి నీళ్ళలో చెయ్యి పెట్టావా?” అని అడిగింది అమ్మ.

అప్పటికి నేను రాజమండ్రి నుంచి తిరిగొచ్చి గంట కూడా కాలేదు. రెండు రోజుల్లో పదకొండు చోట్లు చూశాను. ఫోన్ నిండా ఫొటోలు. ధవళేశ్వరం బ్యారేజీ, వంతెనలు, కోటిలింగాల రేవు, కడియం నర్సరీలు, అన్నిటి ముందూ నేను. అమ్మ పుట్టిల్లు మండపేట, మెట్టినిల్లు వరంగల్. అమ్మమ్మా తాతయ్యా పోయాక అటు వెళ్ళే పనే లేకపోయింది. మోకాళ్ళ నొప్పులొచ్చాక ప్రయాణాలే మానేసింది. ఫొటోలన్నీ ఒక్కొక్కటే ఓపిగ్గా చూసి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ ఒక్క మాటే అడిగింది. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రేవు దగ్గర వ్యాన్ పావుగంటే ఆగింది. మెట్ల పైన నిలబడి ఫొటో దిగి పరుగున వచ్చి ఎక్కేశాను.

మరుసటి ఏడు కార్తీకంలో ఒక్కదాన్నే మళ్ళీ వెళ్ళి మూడు రోజులున్నాను. అప్పుడు నేర్చుకున్నదే ఈ అధ్యాయంలో చెబుతున్నాను. కాగితాల మీద ఇప్పుడది రాజమహేంద్రవరమైనా ఊళ్ళోవాళ్ళ నోట రాజమండ్రే కాబట్టి నేనూ అలాగే అంటాను.

పద్ధతి చిన్నది. ఊళ్ళో ఒక రేవు ఎంచుకోండి. ఒక టిఫిన్ బండి ఎంచుకోండి. ఉన్నన్నాళ్ళూ పొద్దునా సాయంత్రం అక్కడికే వెళ్ళండి.

చెప్పినంత తేలిక కాదిది. ఇంత ఖర్చుపెట్టుకుని వచ్చి చూసిందే మళ్ళీ చూడటమేమిటని లోపల పీకుతూనే ఉంటుంది. మొదటిరోజు సాయంత్రం నాకూ పీకింది. కానీ మొదటిసారి ఒక చోటికి వెళ్ళినప్పుడు మన కళ్ళు అక్కడున్నదాన్ని చూడవు, ముందే ఫొటోల్లో చూసినదాన్ని వెతుక్కుంటాయి. రెండోసారి వెళితే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనిపిస్తుంది. నీళ్ళు ఒక మెట్టు దిగాయనో, నిన్న బట్టలుతికినావిడ ఇవాళ రాలేదనో తెలుస్తుంది. మూడోసారి వెళ్ళేసరికి అక్కడివాళ్ళ కళ్ళకు మనం ఆనతాం. ఊరు మనల్ని చూడటం మొదలుపెట్టేది అప్పుడే. పదకొండు చోట్లకు ఒక్కోసారి వెళ్ళే మనిషికి ఆ మూడోసారి ఎన్నటికీ రాదు.

ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ దిగాలి

ఎండాకాలంలో వద్దు. నలభై దాటే వేడికి నది ఉక్కపోత తోడైతే, పది గంటలకల్లా గది వెతుక్కోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేరు. జులై, ఆగస్టుల్లో ఎర్రనీరు వస్తుంది. పైన కురిసిన వానలకు మట్టిని కలుపుకుని సుడులు తిరుగుతూ పోయే గోదావరిని ఒక్కసారైనా చూడాలి. కానీ అది గట్టు మీద నుంచే. రేవు మెట్లు మునిగిపోయి ఉంటాయి, లాంచీలు ఆపేస్తారు. తొలిసారి వెళ్ళేవారికి కార్తీకం నుంచి మాఘం దాకా మంచికాలం. కార్తీకంలో తుఫాను కబురుంటే మాత్రం వారం ఆగి వెళ్ళండి. పుష్కరాలకు వెళ్ళి ఊరు చూసొస్తాననుకోకండి. 2015లో అయ్యాయి, మళ్ళీ 2027లో వస్తాయి. ఆ పన్నెండు రోజులూ మీకు కనిపించేది జనమే, ఊరు కాదు.

హైదరాబాద్, విజయవాడల వైపు నుంచి రాత్రి బండిలో వస్తుంటే నిడదవోలు దాటగానే లేచి కూర్చోండి. తర్వాత కొవ్వూరు, ఆ వెంటనే గోదావరి. చక్రాల చప్పుడు ఒక్కసారిగా మారిపోతుంది. వంతెన పొడవు మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ. చీకట్లో అయినా సరే కిటికీ తెరవండి, నీటి వాసన తగులుతుంది. పక్కనే మూగగా ఉండిపోయిన పాత వంతెన హేవలాక్ వంతెన. 1900 నుంచి 1997 దాకా దాదాపు వందేళ్ళు రైళ్ళను మోసి విశ్రాంతి తీసుకుంటోంది. రెండోది 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెన. మూడోదైన కమాన్ల వంతెన వీటన్నిట్లో కొత్తది.

గది గోదావరి గట్టుకు నడిచి వెళ్ళే దూరంలోనే తీసుకోండి. హైవే పక్కన పెద్ద హోటల్లో దిగితే రేవుకు రోజూ ఆటో కావాలి. ఆటో కావాలంటే బద్ధకిస్తారు. నేను ఇన్నీసుపేట వైపు చిన్న లాడ్జిలో దిగాను. గదిలో వేడినీళ్ళు సరిగ్గా రాలేదు గానీ, చీకటితోనే చెప్పులేసుకుని బయల్దేరితే పది నిమిషాల్లో పుష్కరాల రేవులో ఉన్నాను.

ఒక సంగతి చాలామందికి వెళ్ళేదాకా తెలియదు. రాజమండ్రి దగ్గర గోదావరి దక్షిణానికి పారుతుంది, ఊరు తూర్పు గట్టున ఉంది. అంటే పొద్దు మీ వీపు వెనక, ఇళ్ళ మీదుగా పొడుస్తుంది. తొలి వెలుగు అవతల కొవ్వూరు గట్టు మీద పడి, నీళ్ళ మీదుగా మెల్లగా మీ దాకా వస్తుంది. నీళ్ళలోంచి లేచే సూర్యుణ్ణి చూడాలంటే కొవ్వూరు గోష్పాద రేవుకు వెళ్ళాలి. రాజమండ్రి రేవుది అస్తమయం. అందుకే ఊరు ఊరంతా సాయంత్రం గట్టెక్కుతుంది. అది తెలియక మొదటిసారి మా వ్యాను మమ్మల్ని మిట్టమధ్యాహ్నం తీసుకెళ్ళింది.

రేవులో ఏం చెయ్యాలి

మొదటి పొద్దున ఏమీ చెయ్యకండి. మెట్ల మీద ఒక వారగా, స్నానాలు చేసేవాళ్ళకు అడ్డం రాకుండా కూర్చోండి. ఫోన్ సంచిలో పెట్టేయండి. తడిబట్టలతో ఉన్నవాళ్ళను, పిండం పెట్టుకుంటున్నవాళ్ళను ఫొటో తియ్యడం ఎంత అందంగా వస్తుందనుకున్నా తప్పే. వాళ్ళు అక్కడికి వచ్చింది మనకు కనిపించడానికి కాదు. నీళ్ళలో దిగాలనిపిస్తే గొలుసు పట్టుకుని, మెట్టు కాలికి తగిలినంత వరకే దిగండి. నాచు జారుతుంది. ఈతొచ్చినవాళ్ళు కూడా ఆ నదిని తక్కువ అంచనా వెయ్యకూడదు.

రేవు మెట్ల మీద దీపాలమ్మే పెద్దావిడ ఒకరున్నారు. అరటి దొప్పలో చిన్న ఒత్తి, నాలుగు బంతిరెక్కలు. మొదటిరోజు సాయంత్రం ఒకటి కొని నీళ్ళలో వదిలాను. రెండు బారలు పోకముందే తిరగబడింది. ఆవిడ చూశారు, ఏమీ అనలేదు. రెండోరోజు కూడా అంతే అయ్యింది. “నిన్నా ఒచ్చావు కదూ? ఏ ఊరమ్మా?” అన్నారు. చెప్పాను. మూడో సాయంత్రం నేను డబ్బులు తియ్యబోతే ఆపి, “ఇలా రా అమ్మాయ్” అని తన పక్కన మెట్టు మీద కూర్చోబెట్టుకున్నారు.

దొప్పను రెండు అరచేతుల్లో పట్టుకుని నీటి మీద ఆనించారు. వేళ్ళు తియ్యకుండా కాసేపు ఆగారు, దొప్ప తన బరువు తాను చూసుకునేదాకా. తర్వాత చేతులు మెల్లగా కిందికి జార్చి తీసేశారు. తోయలేదు. దొప్ప వెనక అరచేతిని నీళ్ళలో నిలువుగా పెట్టి, నీటిని ముందుకు నెట్టారు. అల వచ్చి దొప్పను ఎత్తుకుని తీసుకుపోయింది. “దొప్పని తొయ్యకూడదమ్మా, నీళ్ళని తొయ్యాలి.” ఆవిడ నా మణికట్టు పట్టుకుని నీళ్ళలో ముంచి మూడుసార్లు చేయించారు. పైన పొద్దు చల్లబడ్డా నీళ్ళు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. అమ్మ అడిగినదానికి జవాబు ఆ క్షణం నా చేతికి తెలిసింది.

మాట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. సినిమాలు చూసి గోదావరి మాటను అనుకరించాలని మనకు సరదా. వెళ్ళిన దగ్గర్నుంచి ప్రతి మాటకూ ‘ఆయ్’ అనేవాళ్ళను చూశాను. ఆ పని చెయ్యకండి. వాళ్ళకది వేషం కాదు, ఎదుటిమనిషికి ఇచ్చే మర్యాద. మీరు మీ యాసలోనే మాట్లాడండి, ‘అండీ’ మాత్రం మరిచిపోకండి. పెద్దావిడైతే ‘మామ్మగారూ’, నడివయసు మగవారైతే ‘బాబాయిగారూ’ అనండి, చాలు. నా వరంగల్ మాట విని టిఫిన్ బండి బాబాయిగారు, “బాగుందమ్మా మీ మాట, ఇంకోటి చెప్పండి” అన్నారు. వాళ్ళు ఆట పట్టిస్తారు కూడా. అది మిమ్మల్ని కలుపుకోవడానికే, నొచ్చుకోకండి.

తిండి దగ్గర అడగాల్సిన ప్రశ్న

“ఇక్కడేది ఫేమస్?” అని అడగటం మానెయ్యండి. ఆ ప్రశ్నకు ఊరంతా ఒకే జవాబు చెబుతుంది, అది మీకు ముందే తెలుసు. రోజ్ మిల్క్, పెసరట్టు ఉప్మా, కాజా, పూతరేకులు. అన్నీ మంచివే. కోటగుమ్మం దగ్గర ఎండన పడి వచ్చి చల్లటి రోజ్ మిల్క్ తాగితే ఆ పేరు ఊరికే రాలేదని తెలుస్తుంది. కానీ రెండోరోజు నుంచి ఇలా అడగండి: “ఇవాళ మీ ఇంట్లో ఏం కూరండీ?”

నేను టిఫిన్ బండి దగ్గర అడిగాను. బాబాయిగారు అట్టు తిప్పుతూనే భార్య వైపు చూశారు. “కంద బచ్చలి” అన్నారావిడ. “ఆవ పెట్టి.” కంద ఉడికించి, బచ్చలి కలిపి, చింతపండు పులుసు పోసి, దింపాక ఆవముద్ద కలిపే కూర. కార్తీకంలో చాలా ఇళ్ళలో నీచు ముట్టరు గనుక ఆ నెలంతా ఇలాంటి కూరలదే రాజ్యం. ఆ జవాబు చేతిలో పట్టుకుని మధ్యాహ్నం మెస్సుల్లో అడుగుతూ వెళితే, మూడోచోట దొరికింది. ఆవ ఘాటు ముక్కుకు తగిలి, వెనకే కంద మెత్తదనం. చిన్నప్పుడు అమ్మ వండితే నేను పక్కకు నెట్టిన కూర అదేనని రెండో ముద్దకు గుర్తొచ్చింది. మాఘం దాటాక వెళితే అదే ప్రశ్నకు పనసపొట్టు అనే జవాబు రావచ్చు. కోనసీమ వైపు వెళితే పొద్దున్నే పొట్టిక్కలు పెడతారు. పనసాకుల బుట్టల్లో పోసి ఆవిరి మీద ఉడికించిన ఇడ్లీ అది, ఆకు వాసన పిండికి పట్టి ఉంటుంది.

చలికాలంలో రోడ్డు పక్కన తేగల కట్టలు కనిపిస్తాయి. తాటి టెంకలను పాతిపెడితే భూమిలోకి దిగే మొలకలవి. కొన్నాక అక్కడే నిలబడి, అమ్మేవాళ్ళనే ఒకటి చీల్చి చూపించమనండి. పైపొర ఒలిచి, మొన దగ్గర రెండుగా చీలిస్తే నడుమ పుల్లలాంటి లేత మొలక ఉంటుంది. దాన్ని చందమామ అంటారు. మా తేగ చీల్చినాయన దాన్ని తీసి పక్కనున్న పిల్లాడి చేతిలో పెట్టారు. అది పిల్లల వాటా అట.

ఇక పులస. పుస్తెలమ్మైనా పులస తినాలని అంటారు. ఈ చేప సముద్రంలో ఉన్నప్పుడు ఇలస. వానాకాలంలో గుడ్లు పెట్టడానికి ఎర్రనీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చి, తీపినీటిలో తిరిగాక పులస అవుతుంది. కిలో వేలల్లో పలుకుతుంది. మీరు కార్తీకంలో వెళ్ళి పులస అడిగితే దొరికేది పులస కాదు. శ్రావణంలో వెళ్ళినా సముద్రపు ఇలసనూ, వేరే రాష్ట్రాల నుంచి మంచుగడ్డల్లో వచ్చినదాన్నీ అదే పేరుతో అమ్మేవారుంటారు. తెలిసిన ఇంటివాళ్ళు తోడుంటేనే కొనండి, లేదా వాళ్ళింట్లో తినండి. చింతపండు పులుసులో బెండకాయలు వేసి, మట్టిదాకలో సన్నసెగ మీద వండి, మర్నాటికి గానీ వడ్డించరు. ముళ్ళు జుట్టంత సన్నగా ఉంటాయి, మాటలు మాని తినాల్సిన చేప. ఇది ఏటేటా తగ్గిపోతోందని జాలర్లే చెబుతారు. దొరకలేదని మీ ప్రయాణం చెడదు. బొమ్మిడాయల పులుసు అడగండి, నా మట్టుకు నాకు అదే ఎక్కువ ఇష్టం.

రేవు నుంచి ఇంటికి, ఇంటి నుంచి రేవుకు

చూడాల్సినవి అసలే వద్దనను. రోజుకొకటి చాలు, అదీ ఎండవేళకు నీడపట్టున ఉండేది. మొదటిరోజు కందుకూరి వీరేశలింగం గారి ఇంటికి వెళ్ళండి. 1881 డిసెంబర్ 11న ఆయన తొలి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్ళోనే. ఆ పేరు పాఠాల్లో చదువుకున్నాం. ఆ ఇంట్లో మీరు గుర్తుంచుకోవాల్సిన మనిషి ఇంకొకరున్నారు, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. ఊరు వెలివేసి, వంటవాళ్ళూ నీళ్ళు తెచ్చేవాళ్ళూ రానంటే, పెళ్ళివారి కోసం తనే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వండిపెట్టారు. ఇల్లు చూశాక ఆటో ఎక్కకండి. అక్కణ్ణుంచి రేవుకు నడవండి. నిండు బిందెతో అదే దారిలో తిరిగి రావడం ఎలా ఉండేదో, దారి పొడవునా చూస్తున్న కళ్ళు ఎలా ఉండేవో అనుకుంటూ నడవండి. ఏ ప్రదర్శనశాలలోనూ చూపించలేనిది ఆ నడకలో ఉంది.

దామెర్ల రామారావు చిత్రశాలకు ఇంకో మధ్యాహ్నం ఇవ్వండి. 1897లో పుట్టి 1925లో, ముప్పై నిండకుండానే పోయిన చిత్రకారుడు. ఆయన బొమ్మల్లో నీడల రంగులు చూసి బయటికొస్తే సాయంత్రపు గోదావరి మీద అవే కనిపిస్తాయి. గౌతమీ గ్రంథాలయం పాత పుస్తకాలు ఇష్టమైనవారికి.

పాపికొండల లాంచీ ప్రయాణాన్ని ఈ మూడు రోజుల్లో ఇరికించకండి. ఒక పూర్తి రోజు పోతుంది, అలసిపోయి రేవు మానేస్తారు. విడిగా ఇంకోసారి వెళ్ళండి. వెళ్ళినప్పుడు లైఫ్ జాకెట్ విప్పకండి, వరద ఉందని సరంగు కాదంటే బతిమాలకండి. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన సంగతి గోదావరి జనం ఇంకా మరిచిపోలేదు.

మూడోరోజు పొద్దున రేవు అయ్యాక బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్ళాను. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలోనే ఇప్పటి బ్యారేజీ ఉంది. అక్కడ నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. బ్యారేజీ మీద కాసేపు దిగి రెండు వైపులా చూస్తే, ఇవతలి పచ్చదనమంతా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆత్రేయపురంలో దుకాణంలో కొని వెనక్కి తిరక్కండి. రేకులు తీసే ఇల్లు చూపించమని మర్యాదగా అడగండి. ఒకామె బోర్లించిన కుండ ముందు కూర్చుని ఉంది. కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పక్కన పళ్ళెంలో నీళ్ళంత పల్చగా రుబ్బిన బియ్యప్పిండి. పల్చటి గుడ్డ అంచులు పట్టుకుని అందులో ముంచి, కుండ వీపు మీద పరిచినట్టే పరిచి లాగేసింది. ఒక్క ఊపిరి. కుండ మీద ఏమీ లేదనుకున్నాను. ఆమె వేలికొసతో అంచు లేపితే కాగితం కన్నా పల్చటి రేకు లేచి వచ్చింది, వెనక మంట ఎర్రగా కనపడేంత పల్చగా. నన్నూ ఒకటి తియ్యమన్నారు. నాది చినిగి కుండకు అంటుకుంది. ఎన్నాళ్ళకు వస్తుందని అడిగితే, “చిన్నప్పట్నుంచీ అమ్మ పక్కన కూర్చున్నానండి” అంది. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వేడి ముందు రోజంతా కూర్చునే చేతులు చూశాక నేను బేరం ఆడలేదు. మీరూ ఆడకండి. బెల్లంవి, నెయ్యి ఎక్కువ వేసినవి అడిగి, అట్టపెట్టెలో కట్టించుకుని, రైల్లో అన్నిటికన్నా పైన పెట్టుకోండి.

ఆ సాయంత్రమే దీపాల మామ్మగారు నాచేత నీళ్ళు తోయించింది. నా చెయ్యి తుడుచుకుంటుంటే మా అమ్మది మండపేట అని నోరు జారింది. ఆవిడ దొప్పల బుట్ట పక్కన పెట్టేశారు. “మండపేటా? ఎవరి తాలూకు?” అన్నారు. తాతయ్య పేరు, ఇంటిపేరు చెప్పాను. ఆవిడ చెల్లెల్ని ఇచ్చింది అక్కడికేనట. మా తాతయ్యను ఎరగరు గానీ, మా వీధి చివరి రావిచెట్టు ఎరుగుదురు. అమ్మకు ఫోన్ కలిపి ఆవిడ చేతికిచ్చాను.

మొదట పలకరింపులు. తర్వాత మామ్మగారు ఏదో అడిగారు. స్పీకర్‌లోంచి అమ్మ గొంతు, “ఆయ్... అవునండీ, ఆ ఇల్లేనండీ” అంది. పుట్టినప్పటి నుంచి వింటున్న గొంతులో నేనెప్పుడూ వినని మాట. హారతి గంటలు మోగుతున్నాయి, నీళ్ళ మీద దీపాలు వంతెన వైపు పోతున్నాయి. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయేదాకా ఇద్దరూ మండపేట వీధులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు.